ఎడమవైపు

పోర్టు నుంచి లేచే బొగ్గుపొడి
జ్ఞానాపురంలో ఏ ఇంటినీ వదలదు.
తీగ మీది తెల్లచీర మధ్యాహ్నానికి మసి.
కిటికీ చెక్క మీద వేలితో రాస్తే పేరు పడుతుంది.
అమ్మ రోజుకి రెండుసార్లు తుడిచేది.
నాన్న డ్యూటీ దిగొచ్చాక మూడోసారి.
ఆ మూడోసారి తుడిచింది బొగ్గు కాదు.

లోకోషెడ్డులో ఫిట్టర్ రాయప్ప
ఇంజను దగ్గు విని రోగం చెప్పేవాడట.
మా ఇంట్లో దగ్గాలంటే మాకు భయం.
బూట్ల చప్పుడు సందు మలుపు తిరగ్గానే
తమ్ముడు మంచం కిందికి, నేను గుమ్మంలోకి.
నాలుగో క్లాసులో నా ఎడమ చెవి
ఒక్క దెబ్బకి మూసుకుపోయింది.
కేజీహెచ్‌లో డాక్టరు అడిగితే
మెట్ల మీంచి పడిందంది అమ్మ.
మాది మెట్లు లేని ఇల్లు.

అయినా ఆదివారం పూజ మానలేదు నేను.
మోకరించాను, దివ్యసత్ప్రసాదం అందుకున్నాను.
పరలోక జపంలో మాత్రం
దేవుణ్ణి అందరూ పిలిచే ఆ పిలుపు దగ్గర
ఉమ్మి మింగి తర్వాతి మాటకి గెంతేదాన్ని,
దారిలో గుంతని దాటినట్టు.
ముప్పై ఏళ్లు.
గుంపులో ఒక గొంతు తగ్గితే ఎవరికి తెలుస్తుంది?

సవరమ్మ నా పక్కనే కూర్చునేది,
ఎప్పుడూ ఎడమవైపే.
మా పక్కింటావిడ. మధ్యలో ఒక ఇటుక మందం గోడ.
జపమాల తిప్పుతూ ఏదో గొణిగేది.
నా చెవిటి వైపు అది భుజానికి తగిలే ఊపిరి, అంతే.
ముసలామె జపం అనుకున్నాను.

మొన్న తపస్సుకాలంలో ఒక శుక్రవారం
రాస్ కొండ మీదికి సిలువమార్గం.
పన్నెండో స్థలం దగ్గర ఆయాసపడి కూలబడ్డాం.
నా ఎడమ పక్కన గోడ.
సవరమ్మ మొదటిసారి కుడివైపు కూర్చుంది.
అలవాటుగా గొణిగింది.
నేను విన్నాను.

"సామీ, ఆ రేతిరి గుంట అరిసింది.
నానిన్నాను. గెడ మీద సెయ్యేసేను.
తియ్యనేదు."

పూస కదిలింది. మళ్లీ అదే.
ఇంకో పూస. మళ్లీ అదే.

ఎన్నాళ్ల నుంచి అమ్మమ్మా, అన్నాను.
దొంగతనం బయటపడ్డ పిల్లలా ఉలిక్కిపడింది.
చాలాసేపటికి, "ఆ రేతిరి నించే" అంది.

కింద చానల్లో ఓడ కూత వేసింది.
రెండు టగ్గులు చెరోపక్కా పట్టి
అంత బరువునీ మెల్లగా సముద్రానికి తీసుకుపోతున్నాయి.

కోపం రావాలి నాకు. వచ్చింది కూడా.
తలుపు తీసి ఉంటే నాకు రెండు చెవులుండేవి.
కానీ కోపం అడుగున ఇంకేదో తడిగా తగిలింది:
ఆ గోడకి అవతల
ఒక మనిషి నిద్రపోలేదు.
నువ్వెక్కడున్నావని నేను పైకప్పుని అడుగుతున్న రాత్రి
చీకట్లో ఒక చెయ్యి గెడ మీద వణుకుతూ ఉంది.

మిగిలిన స్థలాలు ఆమెని పట్టుకుని ఎక్కించాను.
పైన పరలోక జపం మొదలైంది.
ఆ మాట దగ్గర నేను ఆగాను.
సవరమ్మ ఆ మాటని రెండుసార్లు అంది.
నా వైపు చూడకుండానే అంది:
"ఒకటి నీది. నువ్వు మింగీసినప్పుడల్లా
నానే అంటన్నాను, ఇన్నేళ్లూ."

తండ్రీ, అన్నాను.
తుప్పు పట్టిన గెడ లాగినట్టుంది.
తెరుచుకుందో లేదో చెప్పలేను.
కదిలింది.

చెవి ఇప్పటికీ వినదు.
బూట్ల చప్పుడుకి ఇప్పటికీ వీపు బిగుస్తుంది.
బిగుసుకున్నప్పుడల్లా ఆ మాట ఒకసారి అంటాను,
గొణుగుతాను, అంతే. ఒక్కోసారి చాలుతుంది.

సోమవారం సమాధుల తోటకి వెళ్లాను.
నాన్న రాయి మీద వేలు మందాన బొగ్గు.
కొంగు తడిపి తుడిచాను.
"రా" కనిపించింది. తర్వాత "య".
అక్కడ చెయ్యి ఆగిపోయింది.

మిగిలిన అక్షరం వచ్చే సోమవారం.
అప్పటికి ఈ రెండూ మళ్లీ మసిబారతాయి.
తెలుసు.